అంచు మీద గీత

ఆ పరీక్షాశాలలో అందరూ ఆమెను తూకాలమ్మ అంటారు. ఎదురుగా అనరు, వెనక అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసినట్టు చూపించదు. వచ్చిన ప్రతి వస్తువునూ తూచి, వేడిలో ఉంచి, మళ్లీ తూచి, చివరికి విరిచి చూడటం ఆమె ఉద్యోగం. అందుకేనేమో, కొత్తగా నిగనిగలాడే దేన్నీ ఆమె నమ్మదు. "ఇవాళ బాగానే ఉంది, కొన్నాళ్లు ఉక్కలో ఉంచాక మాట్లాడదాం" అంటుంది. పైపుల గురించే కాదు, చుట్టాల్లో పెళ్లికొడుకుల గురించి కూడా ఆ మాటే అనేది. ఆమె భర్త బస్సు నడుపుతాడు. ఒకసారి అతని చొక్కా జేబులో రెండు సినిమా టిక్కెట్లు కనిపించాయని ఆమె నిలదీస్తే, "నన్ను కూడా నీ పెట్టెలో పెట్టరాదూ, ఎంత నీరు పీలుస్తానో తేలిపోతుంది" అన్నాడు పాపం. ఆ రెండో టిక్కెట్టు ఆమె కోసం తెచ్చిందే.

పెట్టె అంటే ఉక్కపెట్టె. మనిషెత్తు బీరువాలా ఉంటుంది, తలుపుకి మందపాటి గాజు కిటికీ, లోపల ఎప్పుడూ వేడి, ఆవిరి. బయట ఎండా వానా కలిసి ఏళ్ల తరబడి చేసే పనిని అది నెలల్లో చేసి చూపిస్తుంది.

ఈసారి అందులో ఉన్నవి నిచ్చెన ముక్కలు. కరెంటు స్తంభాలెక్కేవాళ్లు వాడే నిచ్చెనలవి. ఇనుముతో చేస్తే కరెంటు లాగుతుంది కాబట్టి, గాజు నారను రెజిన్ అనే గట్టిపడే జిగురులో తడిపి వేడి అచ్చులోంచి లాగి చేస్తారు. చూపుకి రాయిలాగే ఉంటుంది గానీ రాయి కాదు. వేడిలో, తడిలో ఉంచితే మెల్లగా నీరు తాగుతుంది. ఆ నీరు రెజిన్‌ను మెత్తబరిచి, నారకూ రెజిన్‌కూ మధ్యనున్న పట్టును వదులు చేస్తుంది. తర్వాత ఆరబెడితే నీరు పోతుంది, తూకం మామూలుకొస్తుంది. వదిలిన పట్టు మాత్రం తిరిగి రాదు. పైకెక్కిన మనిషిని మోసేది ఆ పట్టే.

ఆమె అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. చాలా ఏళ్ల కిందట ఇదే గదిలో పనిచేసినతను పెట్టెలో నానిన ముక్కల్ని తీసేసి, వాటి స్థానంలో కొత్తవి పెట్టాడు. ఆమెకు తెలియదు. తూచింది, విరిచింది, గట్టివేనని సంతకం పెట్టింది. ఆ రకం నిచ్చెన విరిగి పడిన మనిషి ఇప్పటికీ చేతికర్ర లేకుండా నడవలేడు. ఆసుపత్రిలో అతన్ని చూడటానికి వెళ్లి, మంచం దాకా పోలేక గుమ్మంలోనే తిరిగొచ్చేసింది. మళ్లీ నా చేతుల మీదుగా అలాంటిది జరగనివ్వనని ఆ రోజు అనుకుంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఏది జాగ్రత్తో ఏది జబ్బో తేడా తెలియకుండా పోయింది.

పెట్టె దగ్గర ఆమెకు తోడుగా పనిచేసేవాడు వేరే ఎవరో కాదు, స్వయానా మరిది, చెల్లెలి భర్త. అతను అంతకుముందు నిచ్చెనలు చేసే కార్ఖానాలోనే పనిచేశాడు. ఆ కార్ఖానా దూరానికి తరలిపోతే ఖాళీగా ఉన్నాడు. అప్పుడు ఆమే పెద్దసారు గదిలోకి వెళ్లి, "నా చెల్లెలి మొగుడండీ. పూచీ నాది" అని చెప్పి పనిలో పెట్టించింది. చెయ్యి తిరిగిన మనిషి. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట, ఎవరు ఏం చెప్పినా "అలాగే" అనే గుణం. ఇప్పుడు పెట్టెలో నానుతున్న ముక్కలు అతని పాత కార్ఖానావే. ఈ నిచ్చెనలు పరీక్షలో నిలబడితే వేలమంది వాటి మీద ఎక్కుతారు.

మొదటి అనుమానం తూకం దగ్గర వచ్చింది. ముక్కలు మరీ తక్కువ నీరు తాగుతున్నాయి. ఇంకొకరైతే సరుకు మంచిదని సంతోషిస్తారు. ఆమెకు నిద్ర పట్టలేదు.

రెండోది భోజనాల వేళ. అందరూ డబ్బాలు తెచ్చుకుని వెనక వరండాలో కూర్చుంటే మరిది రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడు. ఒకసారి వెళ్లి చూస్తే పెట్టె ముందు నిలబడి గాజులోంచి లోపలికి చూస్తున్నాడు. "ఏంటి మరిదీ, వాటికి దిష్టి తీస్తున్నావా" అంది. "లేదు వదినా, మా పిల్లలు కదా, ఎలా ఉన్నారో చూద్దామని" అని నవ్వాడు. మా పిల్లలట. ఆ మాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మూడోది ఫోను. మెట్ల కింద నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "బాగానే ఉన్నాయి మేస్త్రీ గారూ. మీరేం కంగారు పడకండి, నేనున్నాను కదా." ఆమె పై మెట్టు మీదే ఆగిపోయింది. నేనున్నాను కదా అంటే ఏమిటి? ఎందుకున్నాడు? నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆమెకు అప్పటికే గదినిండా పొగ కనిపిస్తోంది.

ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. అతను పళ్లెం ముందు కూర్చుని విన్నాడు. "పాత కార్ఖానా మేస్త్రీ ఫోన్ చేస్తే మాట్లాడకూడదా ఏంటి? నీకు పచ్చకామెర్లు పట్టాయే" అన్నాడు. "నీకు మనుషులు తెలియదు" అంది ఆమె. "నాకు రోజూ బస్సెడు మనుషులు తెలుసు" అని అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

అనుమానం వచ్చాక అడగాలి, లేదా వదిలెయ్యాలి. ఆమె రెండూ చెయ్యలేదు. గుర్తు పెట్టింది.

ముక్కల మీద రంగు కలంతో అంకెలు రాసి ఉంటాయి. అంకెలదేముంది, ఎవరైనా రాస్తారు. కాబట్టి ఎవరికీ తెలియని గుర్తు కావాలి. వెడల్పు ముఖం మీద గీస్తే కనబడిపోతుంది. మిగిలింది అంచు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నిచ్చెన కాడను రంపంతో కోసినప్పుడు అంచుల్లో నార కొసలు బయటపడతాయి. నీటికి అవి దీపం వత్తిలాంటివి, ఒక్క కొస దొరికితే చాలు లోపలి దాకా పాకిపోతుంది. అసలు నిచ్చెనలో అలా కోసిన అంచులు ఉండవు కనక, పరీక్ష ముక్కల అంచులన్నిటికీ రెజిన్ పూసి మూసేస్తారు. "అంచుకి గోరు కూడా తగలనివ్వకండి" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పేది తూకాలమ్మే. ఆ తూకాలమ్మే, అందరూ టీకి వెళ్లిన సమయంలో, సూది ఆకురాయి తీసుకుని మూడు ముక్కల అంచుల మీద చిన్న గీత గీసింది. ఇంత సన్న గీతకి ఏమవుతుందిలే అనుకుంది. ఇదే పని వేరే ఎవరైనా చేసుంటే తలవాచేలా చీవాట్లు పెట్టేది. దొంగను పట్టుకునే తొందరలో ఉన్నవాళ్లకు తాము ఏం చేస్తున్నదీ కనపడదు.

కొన్నాళ్లకు, పని ముగించి బయల్దేరిన ఆమె గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చింది. తలుపు అద్దంలోంచి మరిది కనిపించాడు. బల్ల మీదకి వంగి, ఎడమచేతిలో ఒక ముక్క, కుడిచేతిలో సన్నటి కుంచె. ఆమె తలుపు తోయగానే కుంచెను సొరుగులోకి జార్చేశాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు వదినా. సర్దుతున్నా."

"సర్దడానికి కుంచెందుకు?"

"దుమ్ము దులుపుదామని" అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆమె గొడుగు తీసుకుని, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. దారిపొడుగునా గొడుగు తెరవడం మరిచిపోయి తడిసింది.

తర్వాతి తూకంలో ఆ మూడు ముక్కలూ ఉన్నట్టుండి బరువు పెరిగాయి. మిగతావి మామూలుగా ఉన్నాయి. ఆమె భూతద్దం తెచ్చి అంచులు చూసింది. గీతలు లేవు. మూడింటికీ లేవు. అంచులు నున్నగా మెరుస్తున్నాయి. అంటే ఇవి ఆ ముక్కలు కావు. ఎంత జాగ్రత్తగా కోసినా ఒక ముక్క ఇంకో ముక్కంత తూగదు, అందుకే బరువు మారింది. అంతా అతికినట్టు సరిపోయింది. ఆమెకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. పూచీ నాదని చెప్పి తెచ్చింది తనే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ని తెచ్చి పెట్టె తాళాలు చేతికిచ్చింది. కర్రతో నడిచే మనిషి కళ్ల ముందు మెదిలాడు.

పెద్దసారు గదిలో తలుపు వేసి అంతా చెప్పింది. గుర్తులు పెట్టిన సంగతి కూడా చెప్పింది. "ఆ గుర్తుల మాట మాత్రం అతనికి తెలియనివ్వకండి సార్" అంది. పెద్దసారు నెమ్మదస్తుడు, ఏ మాటనూ వెంటనే నమ్మడు, వెంటనే కాదనడు. మరిదిని పిలిపించాడు. ఆమె పక్క కుర్చీలోనే కూర్చుంది.

"నిచ్చెన ముక్కలు మార్చావా?"

"లేదు సార్."

"పోనీ, తూకం వేళ కాకుండా ముట్టుకున్నావా?"

మరిది ఆమె వైపు చూశాడు. ఆమె ఏదో చెబుతుందన్నట్టు కాసేపు అలాగే చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకుని ఆమె చూపు తిప్పుకుంది.

"ముట్టుకున్నాను సార్."

"ఎందుకు?"

అతను మళ్లీ ఆమె వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. సంగతి తేలేవరకూ పనిలోకి రావద్దని పెద్దసారు చెప్పాడు. "అలాగే సార్" అని, తన డబ్బా సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు వచ్చింది. వంటింటి గడప దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు.

"ఏం జరిగిందక్కా? ఆయన ఏం చెప్పట్లేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు."

"మీ ఆయన్నే అడుగు."

"అడిగాను. 'మీ అక్కనడుగు, ఆమెకి తెలుసు' అంటున్నాడు."

తూకాలమ్మకు ఒళ్లు మండింది. చేసిందంతా చేసి ఇంకా తన మీదికే నెడుతున్నాడా అనుకుంది. "అవును, నాకు తెలుసు. నీ మొగుడు ముక్కలు మార్చాడు. వాటి మీద రేపు ఎవరో ఎక్కి పడిపోతారు. అది నీకు చెప్పే మొహం లేక నా పేరు చెబుతున్నాడు" అంది.

"నువ్వు చూశావా?" అంది చెల్లెలు.

"చూసినంత పని."

"సరే" అని చెల్లెలు వెళ్లిపోయింది. చిన్నప్పటి నుంచీ అక్క మాటంటే వేదంలా వినే పిల్ల, ఆ రోజు మాత్రం 'సరే' అన్న తీరు వేరుగా ఉంది. తూకాలమ్మ గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ కడిగింది.

పెద్దసారుకు రుజువు కావాలి. "ఆ మూడూ వేరే ముక్కలైతే లోపల నార అమరిక కొంచెమైనా తేడాగా ఉంటుంది. కోసి సూక్ష్మదర్శినిలో చూడమ్మా" అన్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. సన్న రంపంతో మొదటి ముక్క అంచును అడ్డంగా కోసింది, అరగదీసి నున్న చేసింది, అద్దం కింద పెట్టి కన్ను ఆనించింది.

అంచు పూత కింద ఒక గంటు కనిపించింది. ఆకురాయి మొనలాగే, లోపలికి పోయేకొద్దీ సన్నబడిన గంటు. దాన్ని కొత్త రెజిన్ చుక్క నింపి ఉంది. చుట్టూ ఉన్న పాత పూతలో కలిసిపోయేలా దాన్ని అరగదీశారు. గంటు అడుగు నుంచి లోపలికి, నార వెంబడి, తెల్లటి జాడలు పాకి ఉన్నాయి. నీరు దూరి నారకూ రెజిన్‌కూ పట్టు విడిపోయిన చోట అలాగే తెల్లబడుతుంది. అది ఆమె జీవితమంతా చూస్తున్న తెలుపు.

రెండోది కోసింది. మూడోది కోసింది. మూడింట్లోనూ తన గీతే ఉంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు, అది చచ్చినా ఓ పట్టాన చావదు. అప్పుడు కూడా ఆమె బుర్ర ఒక దారి వెతికింది. నా గీతలు చూసి కొత్త ముక్కల మీద తనూ గీతలు గీసుంటాడేమో అనుకుంది. మరి గీసినవాడు మళ్లీ ఎందుకు పూడుస్తాడు? నార అమరిక కూడా మిగతా ముక్కల్లాగే ఉంది, ఒకే కాడలోంచి కోసినవి. ఇవి ఆ ముక్కలే. బరువు పెరిగింది తన గీతలోంచి దూరిన నీటి వల్ల, దాన్ని మూసిన చుక్క వల్ల. ముక్కలు మొదట తక్కువ నీరు తాగింది అవి నిజంగా మంచివి కావడం వల్ల.

గదిలో ఎవరూ లేరు. చెత్తడబ్బా కాళ్ల దగ్గరే ఉంది. మూడు ముక్కల్నీ అందులో పడేసి, 'తేడాగానే ఉన్నాయి సార్' అంటే సరిపోతుంది. పెద్దసారు ఆమె మాటను కాదనడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ కాదనలేదు. ఆమె డబ్బా వైపు చూసింది. నిజమే చెప్పుకోవాలి, ఒకసారి కాదు, చాలాసార్లు చూసింది. తర్వాత ముక్కల్ని పళ్లెంలో పెట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లింది.

ఆయన విని, మూడు ముక్కల్నీ ఒక్కొక్కటిగా వెలుతురులో తిప్పి చూశాడు. "నువ్వు గీసినదీ తప్పే, చెప్పకుండా అతను పూసినదీ తప్పే. పరీక్ష మొదటి నుంచి మళ్లీ చెయ్యాలి" అన్నాడు. "అతన్ని రమ్మని నేను కబురు పెట్టనా, నువ్వు చెబుతావా?"

"నేనే చెబుతాను సార్."

సాయంత్రం చెల్లెలింటికి వెళ్లింది. మరిది ముందుగదిలో ఫ్యాను రెక్కలు విప్పి నేల మీద పరిచి తుడుస్తున్నాడు. ఆమెను చూసి లేచి కుర్చీ లాగాడు. చెల్లెలు తలుపు పక్కన నిలబడింది, కూర్చోమని అనలేదు.

"ముక్కలు నువ్వు మార్చలేదు" అంది తూకాలమ్మ. "కోసి చూశాను. సార్‌కి చెప్పాను. రేపు పనిలోకి రమ్మన్నారు."

"అలాగే వదినా."

"అంచుల మీద పూత ఎందుకేశావు?"

మరిది గుడ్డ పక్కన పెట్టాడు. "గీతలు కనపడ్డాయి. తూకానికి ముందు పైతడి తుడిచేటప్పుడు మీ చెయ్యి ఎక్కడో తగిలి గీసుకుపోయాయేమో అనుకున్నాను. మీరు అందరికీ అంచు ముట్టుకోవద్దని చెప్పే మనిషి. సార్‌కి తెలిస్తే మీ మాట పోతుంది కదా అని, ఎవరూ లేనప్పుడు పూడ్చేశాను. చెప్పాల్సింది. అది నా తప్పే."

"మరి సార్ అడిగినప్పుడు?"

"మీరు పక్కనే ఉన్నారు కదా. మీరే చెబుతారనుకున్నాను, చెయ్యి జారిందని. మీరు చెప్పకుండా నేనెలా చెప్పను?"

ఇన్నాళ్లూ తనకు దొంగచూపులా కనిపించింది అదా అనుకుంది ఆమె. ఆ మాట అక్కడితో వదిలేసి, క్షమించమని అడిగి, లేచిపోవచ్చు. చెయ్యి జారిందనే అతను నమ్ముతున్నాడు, నమ్మనిస్తే పోయేదేమీ లేదు. కానీ చెల్లెలు చూస్తోంది.

"చెయ్యి జారలేదు" అంది. "నేనే గీశాను. కావాలనే. నువ్వు మారుస్తున్నావేమో కనిపెడదామని గుర్తు పెట్టాను."

మరిది ఆమె మొహంలోకి చూశాడు. కోపం రాలేదు. కోపమొస్తే బాగుండునని ఆమె అనుకుంది. మెల్లగా వంగి, ఒక ఫ్యాను రెక్క తీసుకుని, అప్పటికే తుడిచేసిన దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"నేనేమో మీ పేరు పోకూడదని చూశాను" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు.

చెల్లెలు లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి అక్క చేతికిచ్చింది. ఎవరొచ్చినా ఇచ్చినట్టే ఇచ్చింది.

మర్నాడు మరిది పనిలోకి వచ్చాడు. కొత్త ముక్కలు కోశారు, అంచులు మూశారు, పరీక్ష మళ్లీ మొదలైంది. ఎప్పటిలాగే అందరితో నవ్వుతూ మాట్లాడాడు, వరండాలో కూర్చుని డబ్బా మొత్తం తిన్నాడు. పెట్టె వైపు ఊరికే వెళ్లడం మానేశాడు.

తూకం రోజున పెట్టె తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. "వదినా, ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు.

"నేను చూడటమెందుకు? నువ్వు తీసి తుడిచెయ్" అంది ఆమె తూకం యంత్రం దగ్గర నుంచి.

"పర్లేదు, వచ్చి చూడండి" అన్నాడు మర్యాదగా. ముక్కను బయటికి తీసి, అందరికీ కనపడేలా గుడ్డలో పట్టుకుని నిలబడ్డాడు. ఎగతాళి లేదు, నిష్ఠూరం లేదు. వేడి ముక్క బయటికొచ్చాక ఆలస్యం చేస్తే తడి ఆరిపోయి తూకం తప్పుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె లేచి, అతని పక్కకు వెళ్లింది. అతను తుడవడం పూర్తయ్యేదాకా చూస్తూ నిలబడింది. అప్పటినుంచీ ప్రతి ముక్కకూ అలాగే పిలిచాడు, ప్రతిసారీ ఆమె వెళ్లి చూసింది.